‘రెడీమేడ్’ అను మాట

మనము దినదినము వాడు మాటలలో కొన్ని నాలుకకెంత అలవాటైనను బుద్ధికి పరిచితములు కావు. వానిని పలుకుదుము, వానిచే పనులు జరుపుకొందుము. కాని అవి యేమి చెప్పుచున్నవో, యేమి చెప్పక దాచుచున్నవో విచారింపము. అట్టి మాటలలో ‘రెడీమేడ్’ అనునది యొకటి. నాగోలు మెట్రో స్టేషను మెట్లు దిగి ఉప్పల్ వైపు నడచువారికి ఈ మాట బట్టల కొట్ల పలకలపై కనబడుచునే యుండును. వండిన కూరలు సంచులలో కట్టి యిచ్చు కర్రీ పాయింట్ల యొద్దను, రుబ్బిన ఇడ్లీపిండి అమ్ము కొట్ల యొద్దను ఆ మాట వ్రాయబడి యుండకున్నను దాని భావము నెలకొనియే యున్నది. అక్షరజ్ఞానము లేని ముదుసలియు ‘రెడీమేడ్ జాకెట్టు’ అనును గాని దానికి తెనుగుమాట వెదకదు. ఇంతగా మన యిండ్లలో చొచ్చిన యీ యతిథిని ఒకమాఱు కూర్చుండబెట్టి, ‘నీ వెచ్చటి నుండి వచ్చితివి? మాకేమి తెచ్చితివి? మా యింటి నుండి యేమి కొనిపోవుచున్నావు?’ అని యడుగుట గృహస్థులకు తగిన పనియని మాకు తోచుచున్నది.

ఈ విచారమునకు కారణమైన సంగతి చిన్నది. గత దసరాకు మేమొక చొక్కా కొంటిమి. అంగడి యద్దములో బాగుగనే యున్నట్లు తోచినది. ఇంటికి వచ్చి తొడిగి చూడగా చేతులు పొడవై, భుజములు జాఱుచుండెను. నాగోలులో నొక బట్టల కొట్టు మెట్ల ప్రక్కన కుట్టుమిషను పెట్టుకొని, పొడవు తగ్గించుట, నడుము బిగించుట మొదలగు సవరణపనులు చేయు వృద్ధుడొకడు గలడు. ఆయన యొద్దకు పోతిమి. ఆయన చొక్కాను ఇటునటు త్రిప్పి చూచి, “సారూ, ఈ అంగీ ఎవరి కొలతకు కుట్టిన్రో కుట్టినోనికే ఎరుక లేదు. మీకోసమైతే కుట్టలే గద! ఇప్పుడు మీరన్న దీనికి సరిపోవాలె, లేకుంటె నేనన్న దీన్ని మీకు సరిచెయ్యాలె,” అని నవ్వెను. పిమ్మట టేపు తీసి మా భుజము కొలుచుచు, ముప్పది యేండ్ల క్రిందట తానును చొక్కాలు కుట్టెడివాడననియు, ఇప్పుడు ఒరులు కుట్టినవానిని దిద్దుటయే తన వృత్తియైనదనియు చెప్పెను. పని ముగిసినది, కూలి యిచ్చి వచ్చితిమి. కాని ‘మీకోసమైతే కుట్టలే గద’ అన్న యాయన మాట మాతో కూడ ఇంటికి వచ్చినది.

మొదట ఆ యాంగ్లపదమునే విప్పి చూతము. ‘రెడీ’ యనగా సిద్ధమైనది; ‘మేడ్’ అనగా చేయబడినది. రెండును కూడిన యీ మాట ఆంగ్లమున క్రీ.శ. 15వ శతాబ్ది తొలినాళ్ళనుండియే కలదు. కావున నిది యంత్రయుగమున పుట్టినది కాదు. యంత్రయుగమున ప్రబలినది మాత్రమే. ‘రెడీ’ యనునది స్వారి చేయుట యను నర్థముగల ధాతువుతో సంబంధించినదని పలువురు నిరుక్తకారుల మతము. జీను వేసి, కళ్ళెము బిగించి, ఎక్కుటకు నిలిపిన గుఱ్ఱమును తలచుకొన్నచో దాని భావము తెలియును. ‘మేక్’ అను క్రియ పిండి పిసుకుట, మట్టి మెదుపుట యను నర్థముగల ప్రాచీనధాతువునుండి వచ్చినదందురు. ఇట్లు చూడ, ఈ మాటలో నొక మూల గుఱ్ఱమును, ఒక మూల పిండిముద్దయు నున్నవి. గుఱ్ఱమునకు జీను వేసినవాడును, పిండి పిసికిన చేయియు మాత్రము లేవు. పని జరిగినదని యీ మాట చెప్పును, చేసినవారెవరో చెప్పదు. వ్యాకరణపరిభాషలో చెప్పవలెనన్న నిది కర్త లోపించిన కర్మణిప్రయోగము.

తెనుగున నీ భావమునకు మాటలు లేకపోలేదు. ‘తయారు’ అందుము. అది అరబ్బీలో ఎగురుట యను నర్థముగల ధాతువునుండి పుట్టి, ఫారసీ హిందుస్థానీల మీదుగా మనకు చేరినది. ఈకలు నిండి ఎగురుటకు సిద్ధమైన వేటడేగను గూర్చి మొదట వాడబడినదని నిఘంటుకారులు చెప్పుదురు. ఒకచో ఎక్కుటకు నిలిచిన గుఱ్ఱము, మఱొకచో విడుచుటకు నిలిచిన డేగ! ‘సిద్ధము’ అందుము. అది సంస్కృతము, నెరవేరినది, వండబడినది యని దాని యర్థములు. వండిన యన్నము సిద్ధాన్నము. సాధన ముగించినవాడు సిద్ధుడు. సిద్ధము వెనుక సాధన మొకటి కలదని ఆ మాటయే జ్ఞప్తి చేయుచుండును. ఇక ‘ఆయత్తము’ అను మాట మిక్కిలి వింతయైనది. సంస్కృతమున దాని యర్థము అధీనమైనది యని. తెనుగున నదియే సిద్ధమైనది యను నర్థమునను వాడబడుచున్నది. ఏది మనకు సిద్ధముగా నున్నదో అది మన యధీనమని మనము తలంతుము. నాలుగేండ్లు గడచునప్పటికి మనమే దాని యధీనమైయుందుము. ఒకే మాటలో ఈ రెండర్థములును ఇమిడియుండుట మనకొక హెచ్చరికవలె నున్నది.

‘రెడీమేడ్’ కు ఎదురుగా ఆంగ్లమున మఱొక మాట కలదు. కొలత యిచ్చి కుట్టించుకొన్న బట్టను వారు ‘బిస్పోక్’ అందురు. దీనికి మూలము మాటలాడుట యను క్రియ. ముందుగా మాట చెప్పి యుంచినది, ఒకరి పేర మాట యైనది యని దాని భావము. దుస్తుల విషయమున నిది 18వ శతాబ్దిలో వాడుకకు వచ్చినది. ఇచ్చట మాకు ఆ వృద్ధుని పలుకునకు భాష్యము దొరికినది. ఈ రెండు వస్తువులకును గల భేదము చేతిపని, యంత్రపని యను భేదము కాదు. చౌక, ప్రియము అను భేదమును కాదు. ఒకదానియందు వస్తువు పుట్టకముందు ఇద్దరు మనుష్యుల నడుమ మాట జరిగినది. రెండవదానియందు జరుగలేదు.

మన పూర్వులును ఈ భేదము నెఱుగుదురు. పతంజలి మహాభాష్యపు తొలిభాగమున శబ్దములు నిత్యములా, చేయబడునవా యని చర్చించుచు, కుండతో పని గలవాడు కుమ్మరి యింటికి పోయి తనకొక కుండ చేసిపెట్టుమని యడుగును గాని, మాటలతో పని గలవాడు వైయాకరణుని యింటికి పోయి మాటలు చేసిపెట్టుమని యడుగడు గదా యని హాస్యముగా ననుచున్నాడు. భాష యొకటే మనకు సిద్ధముగా దొరకునది. కుండ కావలెనన్న కుమ్మరితో మాటలాడి తీరవలెనని ఆనాటి లోకస్థితి. నేడు కుండను గాని, గిన్నెను గాని, చొక్కాను గాని ఎవ్వరితోను మాటలాడకయే కొనవచ్చును. చేతిలోని ఫోనుపై వ్రేలు కదల్చినచో వస్తువు గుమ్మము ముందు వ్రాలును. పతంజలి మాటలకు చెప్పినది నేడు వస్తువులకు పట్టినది.

ఈ మార్పు ఎట్లు వచ్చినదో కొంచెము తెలిసికొందము. అమెరికాలో ఇలియాస్ హోవే 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను కుట్టుయంత్రములకు పేటెంట్లు పొందిరి. 1861 మొదలు 1865 వఱకు ఆ దేశమున జరిగిన అంతర్యుద్ధములో లక్షలాది సైనికులకు శీఘ్రముగా దుస్తులు కావలసివచ్చెను. ఒక్కొక్కనిని పిలిచి కొలత తీయుటకు వ్యవధి లేదు. ఎందఱో సైనికుల కొలతలను చేర్చి చూడగా, మనుష్యదేహములు ఇష్టము వచ్చినట్లు గాక కొన్ని వర్గములుగా నేర్పడియున్నవని తెలిసెను. ఛాతీ యింత యున్నవానికి నడుము ఇంచుమించుగా నింత యుండును. ఆ వర్గములకు అంకెలు వేసిరి. అదియే నేడు మన చొక్కా మెడపట్టీపై నుండు ముప్పదియెనిమిది, నలుబది యను సంఖ్యలకు త్రోవ చూపినది. దర్జీకిని, తొడుగువానికిని నడుమ జరుగవలసిన మాటకు బదులు ఒక అంకె వచ్చి నిలిచినది.

ఇంతవఱకు చదివి, పూర్వాచారమును పొగడి నూతనాచారమును తెగడు వ్యాసములలో నిదియు నొకటి యని చదువరులు తలంపవలదు. పూర్వము జరిగిన మాటలన్నియు సమానుల నడుమ జరిగిన మాటలు కావు. నిజాము పాలనలోని తెలంగాణ గ్రామములలో వెట్టి యను దురాచారము ఉండెను. చెప్పులు కుట్టువారును, కుండలు చేయువారును, బట్టలు ఉదుకువారును దొరల యిండ్లకు కూలి లేక పనిచేయవలసి యుండెను. అచ్చటను చేయించుకొనువాడు ముందుగా ‘మాట చెప్పియే’ యుండెను. కాని అది ఆజ్ఞ, సంభాషణము కాదు. 1946 మొదలు 1951 వఱకు నడచిన తెలంగాణ రైతాంగపోరాటమునకు ఈ వెట్టియు నొక ముఖ్యకారణము. వాకిటి వెలుపల నిలువబడి బట్ట పుచ్చుకొనవలసిన కులములవారికి, వెల వ్రాసియుంచిన చొక్కాను అందఱితో కూడ అంగడిలోనికి పోయి, చేతితో తాకి చూచి కొనుట యొక స్వాతంత్ర్యము. అంకె కులమడుగదు. ఈ సుగుణమును సంస్కారప్రియులు చిన్నచూపు చూడరాదు.

స్త్రీల శ్రమ మాట యటులే. రుబ్బురోలు ముందు కూర్చుండి పప్పు రుబ్బిన చేతుల నొప్పి ఆ చేతులకే తెలియును. ఆ పిండితో చేసిన ఇడ్లీలు తిని, ‘మా యమ్మ చేతివంట’ యని పద్యము చెప్పినవారికి తెలియదు. తెల్లవాఱుజాముననే లేచి, పిల్లలను బడికి పంపి, తామును ఉద్యోగమునకు మెట్రో యెక్కు గృహిణులు ఉప్పల్ ప్రాంతమున వేలకొలది యున్నారు. వారు సాయంకాలము ఇంటికి వచ్చుచు అన్నము మాత్రము వండుకొనవచ్చునని కర్రీ పాయింటులో పప్పును, వేపుడును కొని తెచ్చుకొన్నచో, దానిని సోమరితనమనువాడు ముందు తానొక దినము వంటయింట నిలిచి చూడవలెను. సిద్ధవస్తువు స్త్రీకి విద్యకును, విశ్రాంతికిని కొంత కాలము నిచ్చినది. ఆ దానమును మేము కాదనము.

మఱి చిక్కెక్కడ? మన యింట తప్పిన శ్రమ లోకమునుండి తప్పలేదు, చేతులు మాఱినది. మన రోటిలో రుబ్బవలసిన పిండి మఱొకచోట రుబ్బబడినది. మన వీథి దర్జీ కుట్టవలసిన చొక్కా దూరదేశమున నొక యువతి కుట్టినది. ‘రెడీమేడ్’ అను మాట ఆ పని పూర్తియైన పిమ్మట మొదలగును గనుక, దానికి ముందు జరిగిన కథ యంతయు అంగడి వెలుపలనే నిలిచిపోవుచున్నది.

ఆ కథ యెట్టిదో రెండు సంగతులు చెప్పును. న్యూయార్కు నగరమున ట్రయాంగిల్ అను కర్మాగారములో స్త్రీలు తొడుగు రవికెలవంటి చొక్కాలు కుట్టుచుండిరి. 1911 మార్చి 25వ తేదీన నచ్చట నిప్పంటుకొన్నది. బయటికి పోవలసిన తలుపు తాళము వేసియుండెను. 146 మంది మరణించిరి. వారిలో నెక్కువమంది పొట్ట చేతబట్టుకొని పరదేశమునుండి వచ్చిన యువతులు. నూఱేండ్లు దాటిన పిదప, 2013 ఏప్రిల్ 24వ తేదీన, బంగ్లాదేశమున ఢాకా చేరువనున్న సావార్‌లో రాణా ప్లాజా యను ఎనిమిదంతస్తుల భవనము కూలినది. అందు పెక్కు దుస్తుల కర్మాగారము లుండెను. గోడల పగుళ్ళు ముందుదినముననే కనబడెను. అయినను పనివారిని మఱునాడు లోనికి రప్పించిరి. 1,100 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ దేశమున నీ పరిశ్రమకు వ్యవహారనామమే ‘రెడీమేడ్ గార్మెంట్స్’ అని. ఆ దుస్తులు ఏయే దేశపు అంగళ్ళలో మడతపెట్టి యుంచబడెనో, వానిని తొడిగినవారికి కుట్టినవారి పేరొక్కటియు తెలియదు. తొడిగినవారు క్రూరులు కారు. వారికిని, కుట్టినవారికిని నడుమ మాట పోయినది; మాట పోయినచోట దయ పోవుటకు త్రోవ దొరకలేదు.

ఆ రెండు ఘోరములు జరిగిన పిమ్మట నేమైనదో కూడ చెప్పవలెను. న్యూయార్కులో కర్మాగారముల రక్షణకై క్రొత్త శాసనములు వచ్చినవి. రాణా ప్లాజా కూలిన కొలది వారములకే, 2013 మే నెలలో, కార్మికసంఘములును విదేశపు దుస్తుల వ్యాపారసంస్థలును భవనముల రక్షణను గూర్చి యొక ఒడంబడిక చేసికొన్నవి. ఒడంబడిక యనగా నేమి? ఇద్దరు కూర్చుండి ఆడుకొన్న మాటయే. వస్తువుకు ముందు జరుగవలసిన మాట అన్ని ప్రాణములు పోయిన పిదప జరిగినది. ఒంటరిగా కొనువాడు కుట్టినవానితో మాటలాడలేడు. సంఘముగా, శాసనముగా మాటలాడవచ్చును. ‘ఇంత పెద్ద లోకములో నే నొక్కడను అడిగి ఏమి ప్రయోజనము?’ అనువారికి ఇదియే మా సమాధానము.

దూరదేశముల మాట యటులుంచి మన వంటయింటికి వత్తము. నాగోలు నుండి మెట్రోలో అయిదవ స్టేషను తార్నాక. అచ్చట జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చిన సంస్థ యిది. 2024లో ఈ సంస్థ భారతీయుల ఆహారనియమములను సవరించి ప్రకటించుచు, మిక్కిలిగా సంస్కరింపబడిన కర్మాగారపు ఆహారములను తగ్గించుమనియు, పొట్లముపై వ్రాసినదానిని చదివి కొనుమనియు హితము చెప్పినది. మంచి మాట. మన దేశపు నిబంధన ప్రకారము పొట్లములో నేమేమి కలిపిరో, ఎక్కువ పాలున్నది ముందుగాను తక్కువ పాలున్నది వెనుకగాను వరుసగా ముద్రింపవలెను. ఒక పానీయపు సీసాపై రెండవ పేరు చక్కెర యని యున్నచో దాని సంగతి మనకు తెలిసినట్లే. ఇది యొక విధముగా వస్తువు తానే నోరు తెఱచి మాటలాడుట. కాని ఏ భాషలో? ఆ వివరములు ఆంగ్లమున గాని, దేవనాగరిలిపిలో హిందీ యందు గాని తప్పక యుండవలెను. ఇతరభాషలను అదనముగా చేర్చుటకు అడ్డు లేదు, నిర్బంధమును లేదు. తెనుగు మాత్రమే చదువగల తల్లికి ఆ పొట్లము ఆమె చేతిలోనే యుండియు మూగయైనది. చదివి కొనుమనుటయు, చదువరాని భాషలో వ్రాయుటయు నెట్లు పొసగును? తెలుగు రాష్ట్రములలో నమ్ము తినుబండారములపై తెనుగున కూడ వివరము లుండవలెనని గృహిణులు, స్త్రీసమాజములు, గ్రంథాలయసంఘములు కోరవలెనని మా మనవి. ఇది భాషాభిమానపు మాట కాదు, ఆరోగ్యపు మాట.

మన యిండ్లలో సిద్ధవస్తువులు పూర్వము లేవనుకొనుట పొరపాటు. వేసవిలో పెట్టిన ఆవకాయ సంవత్సరమంతయు సిద్ధముగా నుండును. ఎండబెట్టిన వడియములు, అప్పడములు, దంచి డబ్బాలకెత్తిన పొడులు—ఇవన్నియు ముందుగా చేసియుంచినవే. ఆకలిగొని అకాలమున వచ్చిన చుట్టమునకు వడ్డించునప్పుడు వానిని మించిన ‘రెడీమేడ్’ లేదు. కాని యా జాడీ మూత తీయగానే, ‘ఇది మీ నాయనమ్మ పెట్టినది, ఈ యేడు కారము కొంచెము ఎక్కువైనది’ అను మాటయు వెలువడును. వస్తువు సిద్ధముగా నున్నది, కర్త లోపింపలేదు. అటులే మగ్గము మీదినుండి దిగిన చీర. నాగోలుకు తూర్పుగా పోయినచో భూదాన్ పోచంపల్లి కలదు. అచ్చటి నేతగాండ్రు నూలును నేయకముందే కొలిచి, కట్లు కట్టి, రంగులలో ముంచి, ఆ పిమ్మట మగ్గమెక్కింతురు. ఆ చీర యెవ్వరి కొలతకును నేసినది కాదు. అయినను పొట్టివారికిని పొడుగువారికిని, బాలెంతరాలికిని ముదుసలికిని సరిపోవును. ఏలన, కుచ్చిళ్ళు పోసికొని, కొంగు దించుకొని, దానిని పూర్తిచేయు పని కట్టుకొనుదాని చేతికే విడువబడినది. ఈ రెండు ఉదాహరణములను కలిపి చూడ మాకొక నిశ్చయము కలుగుచున్నది. ముందుగా చేయబడియుండుట దోషము కాదు. చేసినవారి నెఱుకపఱుపకపోవుటయు, వాడువారికి చేయదగిన పని యేమియు మిగులనీయకపోవుటయు దోషములు.

నాగోలుననే దీనికి మఱొక సాక్ష్యము తలమీదుగా పోవుచున్నది. మెట్రో మార్గపు పనులు ఇచ్చట 2012లో మొదలైనవి. నాగోలు నుండి అమీరుపేట మీదుగా మియాపూరు వఱకు గల 30 కిలోమీటర్ల మార్గము 2017 నవంబరు 28వ తేదీన ప్రారంభింపబడినది. స్తంభములపై నున్న ఆ వంతెనను అచ్చటికచ్చట పోతపోయలేదు. ఉప్పల్ ప్రాంతమున నేర్పఱచిన ఆవరణములో కాంక్రీటు ఖండములను ముందుగా పోతపోసి, పెద్ద బండ్లపై తెచ్చి, యంత్రములతో పైకెత్తి, ఒకదాని కొకటి చేర్చి, ఉక్కుతీగలతో బిగించిరి. ఇంతకంటె పెద్ద ‘రెడీమేడ్’ మన నగరమున లేదు. కాని యీ విధమగు నిర్మాణములో నొక నియమము కలదు. ఒక ఖండమును పోయునప్పుడు దానికి ప్రక్కన నిలువవలసిన ఖండమునే అచ్చుగా నిలిపి పోయుదురు. అందుచే నా రెండును చేర్చినప్పుడు సందు లేక అతుకును. మార్గపు వంపు ననుసరించి ప్రతిఖండమునకును దాని స్థానము ముందే నిర్ణయమైయుండును. అనగా ముందుగా చేసినదైనను అది యెవరి ప్రక్క నిలువవలెనో ఎఱిగి చేసినది. సిద్ధత్వమునకును, ఎఱుకకును వైరము లేదని ఆ రాతిఖండములే చెప్పుచున్నవి. సికింద్రాబాదు, అమీరుపేట యని దినము పరుగులిడు మనము, దూరప్రాంతములనుండి వచ్చి వానిని పోసి, మోసి, బిగించి, పని ముగియగానే మఱొక యూరికి తరలిపోయిన శ్రామికులను ఒకమాఱైన తలంతుమా?

వస్తువులతో నీ మాట ముగియదు. చొక్కా కన్న చౌకగా దొరకు సిద్ధవస్తువు మఱొకటి గలదు, అది అభిప్రాయము. ఎవ్వరో కత్తిరించి, ఎవ్వరో కుట్టి, మన చెవిలో తొడిగిన యభిప్రాయమును మనము అద్దములో నైన చూచుకొనక తిరుగుదుము. ఫలానా కులమువా రిట్టివారు, ఫలానా యూరివారి కిది తెలియదు, ఆడువారి బుద్ధి యింత—ఇవన్నియు అంకె వేసి అమ్ము దుస్తులే. తెలంగాణమున కవులు లేరని యొకప్పుడు ఇట్టి సిద్ధాభిప్రాయము ప్రచారములో నుండెను. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కోపముతో బదులు చెప్పి యూరకుండలేదు. ఊరూర విచారించి, కవులను కదిపి, వారి వివరములను పద్యములను సేకరించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కనబడిరి. సిద్ధాభిప్రాయమునకు మందు వేఱొక సిద్ధాభిప్రాయము కాదు. స్వయముగా పోయి కొలత తీయుటయే. ఆచారముల సంగతియు నట్టిదే. మన తాతలు తమ కొలతకు కుట్టించుకొన్న యాచారము వారికి సరిపోయి యుండవచ్చును. మన పిల్లల మెడకు బిగుసుచున్నప్పుడు పిల్లల మెడను సవరింపరాదు, అంగీని సవరింపవలెను.

ఇచ్చట నొక ఫ్రెంచి చిత్రకారుని సంగతి చెప్పి ముగింతుము. మార్సెల్ డ్యూషాంప్ అను నాతడు 1914లో పారిసు నగరమున సీసాలు ఆరవేయు ఇనుపచట్ర మొకటి అంగడిలో కొని తన గదిలో నుంచెను. 1916లో అమెరికా నుండి చెల్లెలికి ఉత్తరము వ్రాయుచు, అట్టి వస్తువులను తాను ‘రెడీమేడ్’ అని ఆంగ్లనామముతో పిలుచుచున్నాననియు, ఆ చట్రముపై తన పేర సంతకము చేయుమనియు కోరెను. ఆ చెల్లెలు అప్పటికే గది శుభ్రము చేయుచు దానిని పనికిమాలినదని పాఱవైచెనట! గృహిణులు ఆమె పక్షముననే యుందురని మే మెఱుగుదుము. అయినను ఆ చిత్రకారుని చేతలో నొక నీతి యున్నది. తాను చేయని వస్తువును ఎన్నుకొనుటయు నొక కార్యమే యనియు, దానికి సంతకము చేయుట యనగా దాని బాధ్యతను తనపై వేసికొనుటయే యనియు మేము దానిని గ్రహించితిమి. మనము కొన్న ప్రతివస్తువు క్రిందను మన సంతకము కనబడకయే యున్నది.

కావున మేము చదువరులను కోరునది కొంచెమే. సిద్ధవస్తువును మానుమని కోరము. అది తీఱని కోరిక, కొందఱికి క్రూరమైన కోరికయు. కొనునప్పుడు అడుగుడు: ఎవరు చేసిరి, దేనితో చేసిరి, వారి కేమి ముట్టినది? కర్రీ పాయింటులో నిలిచినప్పుడు, ‘అమ్మా, నేడు ఏ నూనెలో వండితిరి?’ అని యడుగుట అవమానము కాదు. ఆమె వంటను మనుష్యుని వంటగా గుర్తించుటయే. అడిగి సమాధానము పొందలేనిచోట సంఘముగా అడుగుడు. ఏ వస్తువు నైనను, ఏ యభిప్రాయము నైనను స్వీకరించునప్పుడు చివరి కొలత మీరే తీసికొనుడు. ఇంట పిల్లలు ‘ఇది యెక్కడిది?’ అని యడిగినప్పుడు ‘అంగడిది’ అని చెప్పి ఊరకుండకుడు. అంగడి వస్తువులు నుండు చోటు గాని, వస్తువులను కన్న తల్లి కాదు.

మొన్న మఱల ఆ వృద్ధుని యొద్దకు పోతిమి. ఈమాఱు ఇంటిలోని పిల్లవాని లాగు పొడవు తగ్గింపవలసియుండెను. పిల్లవాడు ఆయన మిషను చక్రమును చూచుచు, “తాతా, ఈ లాగు ఎవరు కుట్టిన్రు?” అని యడిగెను. ఆయన పట్టీ త్రిప్పి చూచి, అందున్న ఆంగ్లాక్షరములు చదువజాలక మా చేతికిచ్చెను. మేము చదివితిమి. ఒక దేశము పేరును, ఒక అంకెయు నుండెను. “అంతేనా?” అని పిల్లవాడు మా మొగమును చూచెను. మాయొద్ద సమాధానము లేదు. వృద్ధుడు మాత్రము సుద్ద తీసి, ఆ చిన్నకాలి మడమ యొద్ద గీత గీచి, “నిలబడు బిడ్డా, కదలకు. కింది మడత నేను కుడుతున్న. ఎవరన్న అడిగితె నా పేరు చెప్పు,” అనెను.